ఇద్దరూ ఊదిన మిషన్

పోలీసు కారు మమ్మల్ని గుద్దినప్పుడు నా ఒళ్లో వెట్ గ్రైండర్ ఉంది. లీసెస్టర్‌లో ఒక తమిళ కుటుంబం ఇల్లు మారుతూ దాన్ని అమ్మకానికి పెడితే, తెచ్చుకోవడానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లాం. డిక్కీ నిండా బియ్యం, పప్పుల సంచులు. అందుకని గ్రైండర్ పెట్టెను వెనక సీట్లో నేను పట్టుకుని కూర్చున్నాను. పెట్టె నా గడ్డం దాకా ఉంది. దాని పైనుంచి నాకు కనబడ్డవి రెండే: కారు టాపు, ముందు సీట్లో ఉన్న అంకుల్ బట్టతల. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత నడిచిన వ్యవహారంలో నేను ఎందుకూ పనికిరాని సాక్షిని.

కారు నడుపుతున్నది అక్క. తోబుట్టువు కాదు. షెఫీల్డ్‌లో ఎంఎస్ అయ్యాక ఉద్యోగం దొరికి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఆమె ఇంట్లో మేడమీది గదిలో అద్దెకుంటున్నాను. ఊరి పేరు రాయను, చిన్న ఊరు. అక్కది కరీంనగర్. ఇక్కడ కేర్ వర్కర్. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించి, మందులు వేసి, తినిపించి, అక్కడి నుంచి ఇంకో ఇంటికి వెళ్తుంది. రోటాలో, అంటే డ్యూటీ పట్టికలో, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఇచ్చే వ్యవధిలో బస్సును నమ్ముకుంటే పని జరగదు. కారు లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. వేర్‌హౌస్‌లో పనిచేసే బావ వీసా కూడా ఆమె వీసాకే కట్టి ఉంది.

ముందు సీట్లో ఉన్న అంకుల్ ఆమె తండ్రి. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, కూతుర్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చారు.

మేం మెయిన్ రోడ్డు మీద నెమ్మదిగానే వస్తున్నాం. ఎడమ వైపు ఒక సందు ఉంది. సందు చివర రోడ్డు మీద తెల్ల గీతలుంటాయి, సందులోంచి వచ్చేవాళ్లు అక్కడ ఆగి, మెయిన్ రోడ్డు మీది బళ్లకు దారి ఇవ్వాలి. ఆ సందులోంచి పోలీసు కారు వచ్చి అంకుల్ కూర్చున్న వైపు తలుపును గుద్దింది. సైరన్ లేదు. నీలం లైట్లు వెలగడం లేదు. పెద్ద దెబ్బేం కాదు. గ్రైండర్ రాయి పెట్టెలో ఒకసారి దొర్లి నా మోకాలికి తగిలింది, అంతే.

అక్క ఇంకా స్టీరింగ్ పట్టుకునే ఉంది. అంకుల్ తలుపు తెరుచుకోలేదు. ఆయన గేరు రాడ్డు మీదుగా కాళ్లు దాటించి, అక్కను కూడా దింపి, డ్రైవర్ వైపు నుంచి దిగారు. దిగి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టారు.

"నో ప్రాబ్లం సార్! అవర్ మిస్టేక్ సార్! మై డాటర్ న్యూ డ్రైవర్ సార్. ఐ యామ్ ఆల్సో పోలీస్ సార్, రిటైర్డ్!"

కారులో ఒక్కడే ఉన్న కానిస్టేబుల్ మా వైపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా వయసే ఉంటుంది. ముఖం పాలిపోయి ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ముగ్గురినీ విడివిడిగా అడిగాడు. ఛాతీ మీద కెమెరా, దాని పక్కన చిన్న ఎర్ర దీపం. అంకుల్ ఆ దీపం వైపే తిరిగి "అవర్ మిస్టేక్" అని ఇంకోసారి అన్నారు.

"బాపూ, నువ్వు ఊకో!" అంది అక్క తెలుగులో.

"నీకు తెల్వదు బిడ్డా. నేను మాట్లాడుత గదా."

పోలీసు బండి యాక్సిడెంట్ అయితే పై అధికారి రావాలట. కాసేపటికి ఒక సార్జెంట్ వచ్చింది, నడివయసు ఆవిడ. మన లెక్కలో ఎస్సై అనుకోండి. ఫోటోలు తీసింది, కొలతలు తీసుకుంది, తర్వాత చేతిలో పట్టే చిన్న మిషన్ ఒకటి తీసి, దానికి కొత్త ప్లాస్టిక్ గొట్టం తగిలించి అక్కను ఊదమంది.

"నో డ్రింక్ సార్!" అంకుల్ ఆవిడను కూడా సారే అన్నారు. "మై డాటర్ నో డ్రింక్!"

అక్క ఊదింది. సార్జెంట్ ఆ గొట్టం తీసేసి, ఇంకో గొట్టం తగిలించి, అదే మిషన్ తన కానిస్టేబుల్ నోటి ముందు పెట్టింది. అతనూ ఊదాడు. ఇద్దరికీ సున్నా వచ్చింది.

అంకుల్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఇంటికి రాగానే కరీంనగర్‌కు ఫోన్ చేశారు, పాత స్నేహితులెవరికో.

"అరే, వాళ్ల ఎస్సై వాళ్ల కానిస్టేబుల్‌కే ఊదిపిచ్చిందిరా! నడి రోడ్ల! పబ్లిక్ ముందట! మన దగ్గరైతే ఊకుంటరా? పాపం పిలగాడు."

అప్పటికి అక్కకు కోపం కన్నా నవ్వే ఎక్కువ వచ్చింది. నవ్వు ఆగిపోయింది ఉత్తరం వచ్చినప్పుడు.

యాక్సిడెంట్లను పరిశీలించే పోలీసు విభాగం రాసిన ఉత్తరం అది. సారాంశం ఇది: తను గీత దగ్గర ఆగి, రెండు వైపులా చూసి, మెల్లగా బయటికి వచ్చానని కానిస్టేబుల్ చెప్పాడు. మీ కారు వేగంగా వచ్చిందన్నాడు. తప్పు తమదేనని మీ కారులోని ప్రయాణికుడు ఒప్పుకున్నట్టు కెమెరాలో ఉంది. అజాగ్రత్తగా నడిపినందుకు మీ మీద చర్య తీసుకోవాలా అన్నది పరిశీలిస్తున్నాం. డ్రైవరు, ప్రయాణికులు మీరు చూసింది రాసి పంపండి.

అక్క లైసెన్స్ కొత్తది. రెండేళ్లు నిండలేదు. ఆ లోపు, రోడ్డు మీద చేసిన తప్పులకు వేసే పాయింట్లు ఆరు పడితే లైసెన్స్ రద్దవుతుంది. స్పీడ్ కెమెరాకు దొరికి అప్పటికే మూడు పడ్డాయి. అజాగ్రత్త కింద తక్కువలో తక్కువ పడేవి ఇంకో మూడు.

నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. ఫ్యాక్టరీలో వాడే కొలత పనిముట్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. కాబట్టి అలవాటు కొద్దీ నేను చేయగలిగిందంతా చేశాను. ఆ మలుపు దగ్గరికి వెళ్లి ఫోటోలు తీశాను. సందులోంచి మెయిన్ రోడ్డు ఎంత దూరం కనిపిస్తుందో కొలిచాను. తలుపు మీది సొట్టను అన్ని వైపుల నుంచీ తీశాను. అన్నీ వరుసగా రాసుకున్నాక నాకు తేలిందేమిటంటే, సొట్ట చూస్తే ఎవరు ఎవరిని గుద్దారో తెలుస్తుంది, గుద్దే ముందు గీత దగ్గర ఆగారో లేదో తెలియదు. కారులోంచి రోడ్డును రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ ఉంటే తెలిసేది. కొన్నాం కూడా. బావ వచ్చే ఆదివారం బిగిస్తానన్న డ్యాష్‌క్యామ్ సొరుగులో పెట్టెలోనే ఉంది. అక్క ఎదర రోడ్డు చూస్తూ నడిపింది. నేను గ్రైండర్ చూస్తూ కూర్చున్నాను. సందు వైపు చూసిన మనిషి ఒక్కరే.

"నేను రాయ," అన్నారు అంకుల్.

వంటింట్లో గ్రైండర్ తిరుగుతోంది, మినప్పప్పు రుబ్బుతోంది అక్క. ఆ చప్పుడు మీద అందరం గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోంది.

"ఎందుకు రాయవు బాపూ?"

"పోలీసోని మీద పోలీసోడు రాస్తడా?"

"నువ్వు రిటైరైనవ్!"

"కుర్చీల నుంచి రిటైరైన. జాతిల నుంచి కాదు."

"అంకుల్, అసలు ఆ రోజు మన తప్పని ఎందుకన్నారండీ?" అని అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఇంజనీరూ, మీ గుంటూర్ల పోలీసోళ్లు లేరా ఏంది? పోలీసు బండి తాకిందంటే ముందుగాల దిగి దండం పెట్టాలె. దండం పెడితే పొమ్మంటరు. వాదిస్తే స్టేషన్‌కు రమ్మంటరు. బిడ్డను స్టేషన్‌కు పోనియ్యొద్దని అన్న."

అది నాకు అర్థమైంది. నేనైనా గుంటూరులో అయితే అలాగే చేసేవాణ్ణి. అక్కడ తప్పు ఎవరిదన్నది తర్వాత సంగతి, ముందు ఆ చోటు నుంచి బయటపడాలి. ఆ తెలివి ఆయనకు డ్యూటీలో అబ్బింది, మనకు డ్యూటీ చేసేవాళ్లను చూసి అబ్బింది. ఇక్కడ అదే తెలివి కెమెరాలో పడి ఒప్పుకోలు అయింది.

"మరి మీరు చూసిందేమిటండీ? అతను ఆగాడా?"

అక్క గ్రైండర్ ఆపేసింది.

"బాపూ. ఆగిండా?"

"ఆగలే," అన్నారు మెల్లగా. "అవుతలి దిక్కు చూసుకుంట వచ్చిండు. మన దిక్కు మొఖం తిప్పనే లేదు."

"అదే రాయి."

"బిడ్డా, పిలగాని ఉద్యోగం... డ్యూటీల ఉన్నోనికే దెబ్బలు తగుల్తయ్. ఇంట్ల కూసున్నోనికి ఏం తగుల్తది? పబ్లిక్‌కు ఒక్క శిక్ష. మాకు రెండు. కోర్టు వేరే, డిపార్ట్‌మెంట్ వేరే. ఒక్క మెమో పడితే ప్రమోషన్ పోతది. చిన్న తప్పుకల్ల కోర్టుకు గుంజితే రేపు ఎవడు ఉరుకుతడు దొంగ ఎనుక?"

ఆయన మాటను నేను తీసిపారేయలేదు. ఇక్కడి చట్టం కూడా ఆ మాటను కొంత ఒప్పుకుంటుంది. నీలం లైట్లు వేసుకుని పరుగెత్తే బండికి ఎర్ర లైటు దగ్గర మినహాయింపు ఉంది. అది న్యాయమే. ప్రాణం పోతున్న చోటికి వెళ్లేవాణ్ణి, కూరగాయలకు వెళ్లేవాణ్ణి ఒకే కొలతతో చూడకూడదు. కానీ ఆ రోజు లైట్లు లేవు. లైట్లు లేనప్పుడు అతను కూడా కూరగాయలకు వెళ్లేవాడితో సమానమే.

మా ఫ్యాక్టరీ నియమం ఒకటి ఆయనకు చెప్పాను. తయారైన వస్తువులో తేడా ఉంటే ఆ ఒక్క వస్తువును పక్కన పెడతాం. కొలిచే పనిముట్టులోనే తేడా ఉందని తెలిస్తే, దానితో కొలిచిన సరుకంతా అనుమానమే, అంతా వెనక్కి రప్పిస్తాం. అందుకే వస్తువు కన్నా పనిముట్టునే కఠినంగా పరీక్షిస్తాం.

"మనిషి నీ స్కేలు కాదు ఇంజనీరూ," అన్నారాయన. "స్కేలుకు పెండ్లాం పిల్లలు ఉండరు."

దానికి జవాబు అక్క ఇచ్చింది.

"నాకు లేదా సంసారం?" అంది. "బాపూ, పోలీసోడు కనిపిస్తున్నడు గని నీ బిడ్డ కనిపిస్తలేదా నీకు? వాని తప్పు రాస్తే వానికి మెమో వస్తది. రాయకుంటే నా లైసెన్స్ పోతది, నా పని పోతది, అందరం సామాన్లు సదురుకోవాలె."

"నేనన్న మాట కెమెరాల ఉన్నది. ఇప్పుడు కాదంటే నేను అబద్ధాలకోరునైత."

"అప్పుడు అన్నది అబద్ధం!"

అంకుల్ లేచి, కోటు వేసుకుని, బయటికి వెళ్లిపోయారు. అక్క గ్రైండర్ వేసింది. పిండి ఎప్పుడో నలిగిపోయింది, అయినా చాలాసేపు తిప్పుతూనే ఉంది.

ఆ తర్వాత తండ్రీ కూతుళ్ల మధ్య మాటలు తగ్గాయి. అన్నం తిన్నవా, మందులేసుకున్నవా, అంతవరకే. ఆయన వాకింగ్ మాత్రం పెరిగింది. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ, ఇంకా మంచి ఎండ ఉండగానే, బస్సు కిటికీలోంచి ఆయన్ను చూశాను. ఆ మలుపు దగ్గర, చేతులు వెనక్కి కట్టుకుని, బందోబస్తు డ్యూటీలో ఉన్నట్టు నిలబడి ఉన్నారు. నేను తర్వాతి స్టాప్‌లో దిగి వెనక్కి నడిచాను.

"ఏంటంకుల్, ఇక్కడ?"

"చూస్తున్న. అందరు ఆగుతున్నరు." సందులోంచి వచ్చే కార్ల వైపు గడ్డంతో చూపించారు. "ముసలమ్మ ఆగింది. పిజ్జా పోరడు ఆగిండు. చెత్త లారీ గూడ ఆగింది. ఆఖరికి పోలీసు బండి ఒకటి వచ్చింది, అది గూడ ఆగింది."

ఇద్దరం కొంచెంసేపు చూశాం. ఒక కారు గీత దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, వెళ్లింది.

"ఆ పిలగాడు మిషన్ల ఊదేటప్పుడు వాని మొఖం జూసినవా?" అని అడిగారు.

"లేదండీ. నేను గ్రైండర్ దింపుతున్నాను."

"నీ గ్రైండర్ మంట్లె! నేను జూసిన. సిగ్గుపడతడనుకున్న. పడలే. ఎస్సైని ఒక మాట అనలే. ఊదమన్నది, ఊదిండు. మా బిడ్డ ఊదినట్టే ఊదిండు." ఆయన ముక్కు తుడుచుకున్నారు, గాలి చల్లగా ఉంది. "సిగ్గుపడ్డది నేను. వాని బట్టలకు అవమానం అయిందని నేను ఏడ్సిన. వానికి లేని సిగ్గు నాకెందుకు?"



"నేను డ్యూటీల ఉన్నప్పుడు," అన్నారు, "మా జీపు ఒకాయన సైకిల్‌ను తాకిచ్చింది. చక్రం వంకర పోయింది. ఆయన లేచి, మాకే దండం పెట్టిండు. తప్పైంది సారూ అన్నడు."

"మీరేమన్నారు?"

"ఏమంట? పొమ్మన్న." ఇంకో కారు ఆగింది, వెళ్లింది. "మొన్న నేను దిగి అన్న మాట గదే. ఆయన మాటే నా నోట్లకెళ్లి వచ్చింది. పా, ఇంటికి పోదాం. కాయితం ఉన్నదా ఇంక?"

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశారు. ఇంగ్లీషులోనే రాస్తానన్నారు. నన్ను అక్షరం ముట్టుకోనివ్వలేదు, సాక్షికి ఇంకో సాక్షి సాయం చేయకూడదట. "రెస్పెక్టెడ్ సార్, ఐ హంబ్లీ సబ్మిట్ సార్" అన్నట్టు ప్రతి వాక్యంలో వినయం కారిపోయే స్టేషన్ ఇంగ్లీషు అది. కానీ విషయం సూటిగా ఉంది. తను ఎక్కడ కూర్చున్నారో, ఏం కనబడిందో, కారు ఆగలేదని, డ్రైవర్ ముఖం అవతలికి తిరిగి ఉందని. చివర్లో ఒక పేరా, అది నాకు బాగా గుర్తుంది. తప్పు మాదని తాను అన్నది నిజమని, అది చూసి అన్న మాట కాదని, పోలీసు బండి ఎదుట అలా అనడం తమ దేశంలో అలవాటని, ఆ అలవాటు ఎలా వస్తుందో పోలీసు ఉద్యోగిగా తనకు బాగా తెలుసని రాశారు. కింద పేరు, పేరు కింద "రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్" అని పెట్టారు.

అక్క అది చదివింది. రెండు దోసెలు ఎక్కువ వేసింది ఆయనకు.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో అక్క ప్రతి డ్యూటీకీ ముందు పోస్టు చూసుకుని వెళ్లేది. వచ్చిన జవాబు చిన్నది. డ్రైవర్ మీద ఎలాంటి చర్యా లేదు. కారు మరమ్మతు ఖర్చు పోలీసుల ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. అక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. కాసేపు ఏడ్చి, లేచి, ముఖం కడుక్కుని, డ్యూటీకి వెళ్లింది. వెళ్తూ తండ్రి నెత్తి మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడిని నిమిరినట్టు నిమిరింది.

ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది. దాన్ని అంకుల్ నాతో రెండుసార్లు చదివించుకున్నారు. సంబంధిత అధికారి విషయంలో తగిన చర్య తీసుకోబడింది.

"తగిన చర్య అంటే?" అన్నారు.

"అంతే రాశారండీ."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "అరే, గీ ముక్క నాకు తెల్వదా? నా చేత్తోని ఎన్నిసార్లు రాసిన! పిటిషన్ పెట్టినోడు మల్ల అడగకుండ గిదే రాస్తుంటిమి. తగిన చర్య! చాయ తాపిచ్చి పంపినా తగిన చర్యనే."

"అక్క గండం గడిచింది కదండీ, వదిలేద్దామా?" అన్నాను. నిజానికి నాకు ఆ మాట అనాలని లేదు. అక్క మూడు పాయింట్లు ఆమె లైసెన్స్ మీద అందరికీ కనిపిస్తూ ఉంటాయి. కారు ఇన్సూరెన్స్ కంపెనీ అడుగుతుంది, ఉద్యోగం ఇచ్చేవాళ్లు అడుగుతారు. అతనికి ఏం పడిందో, అసలు పడిందో లేదో, తలుపు సొట్టపోయిన వాళ్లకే తెలియదు. రోడ్డు మీద ఇద్దరి చేతా ఊదించిన మిషన్ తలుపుల వెనక్కి వెళ్లేసరికి ఒకరికే మిగిలినట్టుంది.

"విడిచిపెట్టుడెందుకు?" అన్నారాయన. "పిలగాన్ని కొట్టుమంటలేను, ఉద్యోగం తియ్యిమంటలేను. వానికి డ్రైవింగ్ క్లాసు చెప్పినా సాలు. చెప్పిన్రో లేదో చెప్పమందాం. వాడు ఊదింది మనం చూసినం గదా. ఇది గూడ చూడాలె."

"మీకు వచ్చే వారమే ప్రయాణం కదండీ. జవాబు వచ్చేసరికి మీరుండరు."

"నువ్వుంటవ్ గదా. ఫోన్ల చదివి ఇనిపియ్యి."

ఈసారి నన్ను సాయం చేయనిచ్చారు. తీసుకున్న చర్య ఏమిటో తెలుపగలరు అని ఒక్క విషయమే అడిగాం. సంతకం పెట్టి, అలవాటు చొప్పున దాని కింద హోదా రాయడానికి పెన్ను ఆనించి, ఆగారు.

"ముందు సీట్ల కూసున్నోన్ని ఇంగ్లీషుల ఏమంటరు?"

"ఫ్రంట్ ప్యాసింజర్."

"అది సాలు," అని, సంతకం కింద ఆ రెండు మాటలే రాశారు.